చూపు పోయిన సేవకుడు



నాట్ల కాలములో మేము ఇండ్లు దర్శింపబోవునప్పుడు పల్లెలో ముసలివారు మాత్రమే కనబడుదురు. చేతనైనవారందరు పొలములలో నుందురు. నులకమంచముమీద కూర్చున్న పెద్దలు మమ్మును చూచి, తామిక దేనికిని పనికిరామని కన్నీరు పెట్టుకొందురు. అట్టివారికి మేము చెప్పుచుండు ఒక భక్తుని చరిత్రను ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

ఆయన ఇంగ్లీషు మహాకవి జాన్ మిల్టను. 1608లో లండను నగరములో పుట్టెను. కేంబ్రిడ్జిలో చదివి అనేక భాషలు నేర్చెను. గొప్ప కావ్యము వ్రాయవలెనని యౌవనమందే ఆశించెను. అయితే దేశములో రాజునకును పార్లమెంటునకును యుద్ధము కలిగెను. మిల్టను పార్లమెంటు పక్షమున గ్రంథములు వ్రాసి, 1649లో క్రొత్త ప్రభుత్వమునకు కార్యదర్శి యయ్యెను. 1652 నాటికి రెండు కన్నులకును చూపు పూర్తిగా పోయెను. అదే సంవత్సరమున భార్యయు ఒక్కగానొక్క కుమారుడును మరణించిరి. ముగ్గురు చిన్న కుమార్తెలు మిగిలిరి.

మత్తయి 25వ అధ్యాయములోని తలాంతుల ఉపమానము మనమెరుగుదుము. అది ఆయనను మిక్కిలి బాధించెను. తన తలాంతును తాను పాతిపెట్టలేదు, చీకటియే కప్పివేసెను. యజమానుడు లెక్క అడిగిన ఏమి చెప్పవలెను? ఈ చింతను పదునాలుగు పంక్తుల చిన్న పద్యములో పెట్టెను. ఓర్పు తనకు జవాబిచ్చినట్లు అందులోనే తెలిపెను. దేవుడు మన కష్టముమీద ఆధారపడువాడు కాడు. ఆయన పనిమీద తిరుగువారు అనేకులు కలరు. ఆయన చిత్తమునకు లోబడి పిలుపుకొరకు కనిపెట్టుకొని యుండువాడును సేవకుల లెక్కలోనివాడే. ఇదియే ఆ పద్యభావము.

కనిపెట్టుట యనగా సోమరితనము కాదు. 1660లో రాజరికము తిరిగి రాగా మిల్టను గ్రంథములు కొన్ని తగులబెట్టబడెను. ఆయనయు కొంతకాలము చెరలో నుండెను. విడుదలయైన పిమ్మట రాత్రివేళ పంక్తులను మనస్సులో కూర్చుకొని, ఉదయమున ఎవరైన వచ్చి వ్రాసికొనువరకు కాచుకొని యుండెడివాడు. ఆదాము హవ్వల పతనమును వర్ణించు 'పారడైజ్ లాస్ట్' ఇట్లు పదివేలకు పైగా పంక్తులతో ముగిసి, 1667లో అచ్చయ్యెను. దానికై మొదట చేతికి వచ్చినది 5 పౌనులు మాత్రమే. 1674లో ఆయన మరణించెను.

ఆయన లోపమును దాచము. కుమార్తెలచేత వారికి అర్థముకాని భాషల గ్రంథములు చదివించుకొనెననియు, వారు విసిగిపోయిరనియు ఆయన మేనల్లుడే వ్రాసియున్నాడు. దేవునియెదుట ఓర్పు నేర్చినవాడును ఇంటివారియెడల దానిని మరచును. మనము జాగ్రత్తపడుదము.

పెద్దలారా, మీ మంచముమీదనుండి సంఘముకొరకు చేయు ప్రార్థన సేవయే. బిడ్డలారా, పొలమునుండి వచ్చిన సాయంకాలము వారియొద్ద కూర్చుండి ఒక అధ్యాయము చదివి వినిపించుడి. వారు చెప్పునది వినుడి. ఉదయమున కలము పట్టువారు రాకున్నయెడల ఆ గ్రుడ్డి కవి కావ్యము ఆయనతోనే సమాధికి పోయియుండును.