సూర్యుడి మచ్చలు లెక్కపెట్టిన కారింగ్టన్

2024 మే 11 ఉదయం మన పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపు ఫొటోలతో నిండిపోయింది. డల్లాస్‌లో, చికాగోలో స్థిరపడిన మనవాళ్లు ఇంటి ముందు నిలబడి తీసిన ఫొటోలవి. అక్కడి రాత్రి ఆకాశం గులాబీ రంగులోనూ, ఎర్రగానూ వెలుగుతోంది. నార్వేకో అలాస్కాకో వెళ్తే తప్ప కనిపించవనుకునే ధ్రువకాంతులు టెక్సాస్ దాకా దిగివచ్చాయి. మన దేశంలోనూ లడఖ్‌లోని హాన్లే వేధశాల కెమెరాలకు ఆ ఎరుపు చిక్కింది. ఉయ్యూరు 16 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి మనకు ఆ భాగ్యం లేదు. అసలు ఇవి ఎందుకొస్తాయని గ్రూపులో ఒకరు అడిగారు. ఆ జవాబుకు మొదటి ఆధారం దొరికింది రాత్రివేళ కాదు, పట్టపగలు, ఒక బీరు వ్యాపారి కొడుక్కి.

రిచర్డ్ క్రిస్టఫర్ కారింగ్టన్ 1826 మే 26న లండన్‌లోని చెల్సీలో పుట్టాడు. తండ్రికి బ్రెంట్‌ఫర్డ్‌లో బీరు తయారుచేసే కార్ఖానా ఉండేది. కొడుకు మతాధికారి కావాలని కేంబ్రిడ్జికి పంపితే, అతను అక్కడ ఖగోళశాస్త్ర పాఠాలు విని మనసు మార్చుకున్నాడు. డర్హం విశ్వవిద్యాలయ వేధశాలలో కొన్నేళ్లు పనిచేశాడు. అక్కడి పరికరాలు చాలవనిపించి ఆ ఉద్యోగం మానేసి, లండన్‌కు దక్షిణాన రెడ్‌హిల్‌లో సొంతంగా ఇల్లూ వేధశాలా కట్టుకున్నాడు. రాత్రిళ్లు ధ్రువనక్షత్రం చుట్టుపక్కల నక్షత్రాల స్థానాలు కొలిచేవాడు. 3,735 నక్షత్రాల ఆ పట్టిక 1857లో అచ్చయింది. దానికే 1859లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది.

పగటిపూట సూర్యుడి మచ్చల పని పెట్టుకున్నాడు. మచ్చలు సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతాయి. ఆ చక్రాన్ని పూర్తిగా నమోదు చేయాలన్నది ఆయన సంకల్పం. టెలిస్కోపులోంచి వచ్చే సూర్యబింబాన్ని లేత గడ్డిరంగు పూసిన గాజు పలక మీద 11 అంగుళాల వెడల్పున పడేలా చేసి, ఒక్కో మచ్చ చోటు గుర్తించి బొమ్మ వేసేవాడు. మబ్బు లేని ప్రతి రోజూ అదే పని. మచ్చలు సూర్యుడి నడుమ వేగంగా, పై అక్షాంశాల్లో నెమ్మదిగా తిరుగుతాయని, అంటే సూర్యుడు గట్టి గోళం కాదని ఆ లెక్కల్లోంచే తేల్చాడు. నన్నడిగితే ఆయన అసలు ఘనత ఇదే. లోకం గుర్తుపెట్టుకున్నది మాత్రం ఐదు నిమిషాల సంగతిని.

1859 సెప్టెంబరు 1, ఉదయం 11 గంటల 18 నిమిషాలు. ఒక పెద్ద మచ్చల గుంపు బొమ్మ వేస్తుండగా దాని మీద రెండు చోట్ల కళ్లు చెదిరే తెల్లని వెలుగు పుట్టింది. తెరకు చిల్లు పడి ఎండ లోపలికి వచ్చిందేమోనని ముందు బింబాన్ని కదిపి చూశాడు. వెలుగు మచ్చలతోపాటే కదిలింది! సాక్షిగా ఎవరినైనా పిలుద్దామని పరుగెత్తాడు. నిమిషంలోపే తిరిగొచ్చేసరికి వెలుగు సగానికి సగం నీరసించింది. 11 గంటల 23 నిమిషాలకు ఏమీ లేదు. అదృష్టవశాత్తు రిచర్డ్ హాడ్జ్‌సన్ అనే మరో పరిశీలకుడు వేరే చోట అదే వెలుగును చూశాడు. లేకపోతే కారింగ్టన్ మాట ఎవరు నమ్మేవారు?

ఆ తర్వాత 17 గంటల పైచిలుకుకు భూమి మీద అయస్కాంత సూచికలు చిందులు తొక్కాయి. ధ్రువకాంతులు హవానా, హొనొలులు దాకా కనిపించాయి. అమెరికాలో ఆ వెలుగులో పేపరు చదివారు. బోస్టన్, పోర్ట్‌లాండ్‌ల మధ్య తంతి ఉద్యోగులు బ్యాటరీలు తీసేసి, తీగల్లో దానంతటదే పుట్టిన కరెంటుతో సందేశాలు పంపుకున్నారు. బొంబాయి కొలాబా వేధశాల సిబ్బంది రాసిపెట్టిన రీడింగుల్లో అయస్కాంత బలం సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయింది. ఆ తుఫాను ఎంతటిదో ఈనాటి శాస్త్రవేత్తలు అంచనా కట్టింది ఆ పాత పుస్తకాల్లోంచే.

కారింగ్టన్ లండన్ పక్కనున్న క్యూ వేధశాలకు వెళ్లి అక్కడి అయస్కాంత రికార్డు చూశాడు. తాను వెలుగు చూసిన క్షణంలోనే అందులో చిన్న కుదుపు ఉంది. అయినా సొసైటీ సమావేశంలో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపాడే తప్ప, ఇది దానివల్లే జరిగిందని అనలేదు. ఒక్కసారి చూసినదాన్ని బట్టి సూత్రం కట్టకూడదని జాగ్రత్తపడ్డాడు. మరోసారి చూసి ఖాయం చేసుకుందామంటే జీవితం ఆ వ్యవధి ఇవ్వలేదు.

1858లో తండ్రి పోవడంతో కార్ఖానా భారం నెత్తిన పడింది. కేంబ్రిడ్జి వేధశాల ఉద్యోగం కోరుకున్నా దక్కలేదు. 11 ఏళ్ల పని ఏడున్నర ఏళ్లకే ఆపి, 1861లో రెడ్‌హిల్ వేధశాల అమ్మేశాడు. 5,290 పరిశీలనలతో పుస్తకం 1863లో వచ్చింది. ఆరోగ్యం చెడి చర్ట్ అనే పల్లెకు మారాడు. 1869లో రోజా అనే ఆమెను పెళ్లాడాడు. అన్నగా చెప్పుకున్న ఆమె పాత ప్రియుడు 1871లో ఆమెను కత్తితో పొడిచాడు. ప్రాణం దక్కింది గాని, 1875 నవంబరు 17న నిద్రమందు మోతాదు మించి ఆమె చనిపోయింది. పది రోజులకు, 27న, కారింగ్టన్ మెదడులో రక్తస్రావమై పోయాడు. వయసు 49. వీలునామాలో సొసైటీకి 2,000 పౌండ్లు రాశాడు.

1892లో లార్డ్ కెల్విన్ అంతటివాడు కూడా సూర్యుడికీ అయస్కాంత తుఫానులకూ సంబంధం లేదన్నాడు. 1904లో మాండర్ పాత రికార్డులు తిరగేసి, తుఫానులు సూర్యభ్రమణం ప్రకారం 27 రోజులకోసారి తిరిగొస్తున్నాయని చూపాడు. సూర్యుడు విసిరే విద్యుదావేశ మేఘాలు 1970ల్లో ఉపగ్రహాలకు చిక్కాయి. ఆ మేఘాల అలజడికి అయస్కాంత క్షేత్రం వెంట దిగివచ్చే కణాలు గాలిలోని ఆక్సిజన్‌ను తాకితే పుట్టేదే మనవాళ్ల ఫొటోల్లోని ఎరుపు. ఇప్పుడు ఆ మేఘాల కోసం కాపలా కాసేవాటిలో మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లిన ఆదిత్య-ఎల్1 ఒకటి. సూర్యుడి చుట్లకు 1853 నవంబరు 9 నుంచి వరస నంబర్లు వేస్తారు. అది కారింగ్టన్ పరిశీలనలు మొదలైన రోజు. ఆ లెక్క ఇప్పటికి 2,000 దాటింది, ఇంకా ఆయన పేరుతోనే నడుస్తోంది.