గిటారుకు గౌరవం తెచ్చిన సాధకుడు – ఆండ్రెస్ సెగోవియా

గిటారు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది కాలేజీ వార్షికోత్సవం, స్టేజీ మీద ఆర్కెస్ట్రా, మైకు, సినిమా పాట. పాట లేకుండా, పక్క వాయిద్యం లేకుండా, ఒక్కడే కుర్చీలో కూర్చుని గిటారు వాయిస్తూ నిండు హాళ్ళను కదలకుండా కూర్చోబెట్టిన మనిషి ఒకాయన ఉండేవాడని రెండేళ్ళ క్రితం దాకా నాకూ తెలియదు. హాస్టల్లో నా గదిలో ఉండే మిత్రుడు గిటారు నేర్చుకుంటూ, రోజూ సాయంత్రం ఒకే స్వరాల వరుసను పైకీ కిందికీ వాయిస్తూ ఉండేవాడు. విని విని విసుగొచ్చి, ఒక్క పాటైనా వాయించవేమిరా అని అడిగాను. వాడు సెగోవియా కథ చెప్పాడు. తర్వాత నేనూ చదివి, విని తెలుసుకున్నది మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆండ్రెస్ సెగోవియా 1893 ఫిబ్రవరి 21న దక్షిణ స్పెయిన్‌లోని లినారెస్ అనే సీసపు గనుల ఊళ్ళో పుట్టాడు. పసితనంలోనే తల్లిదండ్రులను వదిలి దగ్గర బంధువుల ఇంట పెరిగాడు. ఆ ఇంటి పెద్దాయన పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, లేని గిటారును ఉన్నట్టు పట్టించి, పాట పాడుతూ తాళం వేయించేవాడట. మొదట పిల్లవాణ్ణి వయొలిన్‌కు పెట్టారు. ఆ మాస్టారు తప్పు వాయిస్తే గిల్లేవాడు. ఆ చదువు అంతటితో సరి. తరువాత ఊరి మీదుగా పోయే ఒక సంచార ఫ్లమెంకో వాద్యకారుడి దగ్గర కొద్ది వారాలు గిటారు నేర్చుకున్నాడు. గురువు అని చెప్పుకోవడానికి ఆయనకు దక్కింది దాదాపు అంతే!

గ్రనడా పట్నానికి వచ్చాక గిటారు పిచ్చి ముదిరింది. ఇంట్లోవాళ్ళకు ఇది సుతరామూ నచ్చలేదు. ఎందుకు నచ్చుతుంది? ఆ రోజుల్లో గిటారంటే సారా దుకాణాల్లో, వీధి చిందుల్లో మోగే వాయిద్యం. పెద్ద సంగీతశాలల్లో పియానోకు, వయొలిన్‌కు ఉన్న పీట దానికి లేదు. తారెగా వంటి గొప్ప గిటారు విద్వాంసుడు అంతకుముందే ఉన్నా, ఆయన పేరు కొద్దిమంది రసికులకే తెలుసు. సెగోవియా తొలి కచేరీ చేసింది 1909లో, గ్రనడాలో, పదహారేళ్ళ వయసులో. అదే ఏడు డిసెంబరులో తారెగా కన్నుమూశాడు. చూపించేవాడు లేక, కుర్రవాడు తానే గురువూ తానే శిష్యుడూ అయ్యాడు. పుస్తకాలు ముందేసుకుని స్వరలిపి చదవడం నేర్చుకున్నాడు. తన తప్పును తానే విని, తానే దిద్దుకున్నాడు.

మాడ్రిడ్‌లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. కచేరీకి తగిన గిటారు లేక, అద్దెకు అడుగుదామని మానువల్ రమీరెజ్ అనే పేరున్న గిటారు తయారీదారు దుకాణానికి వెళ్ళాడు. కొనుక్కునే తాహతు లేదు. గిటారును అద్దెకివ్వడమేమిటని దుకాణంలో వింతగా చూశారు. కానీ కుర్రవాడు వాయిస్తుంటే విని, రమీరెజ్ ఆ గిటారును ఊరికే ఇచ్చేశాడు. 1912 నాటి ఆ వాయిద్యంతోనే సెగోవియా పాతికేళ్ళపాటు దేశాలు తిరిగాడు. 1937 నుంచి జర్మనీలో హెర్మన్ హౌజర్ చేసి ఇచ్చిన గిటారు వాయించాడు. ఆ రెండూ ఇప్పుడు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి.

1924లో పారిస్, 1928లో న్యూయార్క్. అంతటితో ప్రపంచం తలుపు తెరుచుకుంది. గిటారుకు వాయించదగ్గ పెద్ద రచనలు లేవన్న మాట పోవాలని ఆయన స్వరకర్తల వెంటపడ్డాడు. స్పెయిన్ నుంచి తురీనా, తొర్రోబా, మెక్సికో నుంచి పోన్సే, బ్రెజిల్ నుంచి విలా లోబోస్, ఇటలీ నుంచి కాస్తెల్‌నువోవో తెదెస్కో ఆయన కోసం రాశారు. 1935లో పారిస్‌లో, బాఖ్ ఒంటరి వయొలిన్‌కు రాసిన చకోన్‌ను గిటారు మీద వినిపించాడు. సారా దుకాణపు వాయిద్యం బాఖ్‌ను మోయగలదని అప్పుడు చాలామందికి తెలిసివచ్చింది.

కష్టాలు లేకపోలేదు. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం వచ్చింది. బార్సిలోనాలో ఇల్లు దోపిడీ అయింది. దేశం వదిలి, తర్వాత కొన్నేళ్ళు దక్షిణ అమెరికాలోని మాంటెవిడియోలో కాపురమున్నాడు. రెండవ ప్రపంచయుద్ధంలో మరో చిక్కు. అప్పట్లో సన్న తీగలు జంతువుల పేగులతో చేసేవారు. ఆ పేగుదారం గాయాలు కుట్టడానికి పోవడంతో తీగలు కరువయ్యాయి. న్యూయార్కులో ఆల్బర్ట్ అగస్టిన్ అనే గిటారు తయారీదారు నైలాన్‌తో తీగలు చేశాడు. సెగోవియా వాటిని ఆదరించాడు. ఈనాడు క్లాసికల్ గిటారుకు చాలామంది కట్టేది ఆ నైలానే.

ఇక, మా మిత్రుడు విసుగు లేకుండా వాయించే ఆ స్వరాల వరుస సంగతి. 1953లో వాషింగ్టన్‌లో సెగోవియా కూర్చిన మేజర్, మైనర్ స్కేళ్ళ చిన్న పుస్తకం అచ్చయింది. పట్టుమని పది నిమిషాల్లో తిరగేయవచ్చు. వాయించాలంటే మాత్రం ఏళ్ళు పడతాయి. రోజుకు రెండు గంటలు స్కేళ్ళకు ఇస్తే చేతి దోషాలు చాలావరకు పోతాయని ఆయన నమ్మకం. మన సంగీతంలో సరళీ వరుసలు ఎలాగో, అక్కడ ఇవి అలాగ. అందులోని సీ మేజర్ వరుస మన శంకరాభరణం స్వరాలే.

ఈ స్కేళ్ళ అసలు గుట్టు ఎడమచేయి స్థానం మారడంలో ఉంది. అయిదో తీగ మూడో మెట్టు దగ్గర బయలుదేరి, రెండు స్థాయిలు ఎక్కి, మొదటి తీగ ఎనిమిదో మెట్టు దగ్గర ఆగాలి. నడుమ మూడో తీగ మీద చూపుడువేలు రెండో మెట్టు నుంచి అయిదో మెట్టుకు వెళ్ళాలి. వినేవాడికి ఆ ప్రయాణం తెలియకూడదు. స్వరం తెగకూడదు, జారుడు చప్పుడు రాకూడదు. నేను ఫిజిక్సు విద్యార్థిని కాబట్టి లెక్క వేసి చూశాను. తీగ పొడవు 650 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒకటో మెట్టు వెడల్పు 36 మిల్లీమీటర్ల పైచిలుకు, పన్నెండోది సుమారు 19. ప్రతి మెట్టూ ముందుదాని కన్నా ఒకే నిష్పత్తిలో తగ్గుతూ పోతుంది. రెండు నుంచి అయిదుకు చేయి కదిలేది సుమారు 92 మిల్లీమీటర్లు. అదే మూడు మెట్లు తొమ్మిది నుంచి పన్నెండుకు వెళితే దాదాపు 62 మాత్రమే. అంటే చేయి ఒక్క దూరం నేర్చుకుంటే చాలదు. మెడ పొడుగునా ప్రతి చోటా దూరం వేరు. పైగా క్లాసికల్ గిటారు మెట్ల మీద సాధారణంగా గుర్తులుండవు. అందుకే అన్ని శ్రుతుల్లోనూ స్కేళ్ళు. ఒక్కొక్క శ్రుతిలో చేయి ఒక్కొక్క చోట మలుపు తిరుగుతుంది.

మా మిత్రుడు నా చేతికి గిటారు ఇచ్చి చూపించాడు. నేను చేసిన మొదటి తప్పు, తీగను బిగించి పట్టుకునే చేతిని లాగడం. రెండోది, వేళ్ళు ముందుకు పోయినా మెడ వెనక బొటనవేలు పాతచోటే ఉండిపోవడం. చేయవలసింది ఏమంటే, ముందు స్వరం పూర్తిగా మోగనివ్వాలి. తరువాత ఒత్తిడి వదలాలి కాని వేలును తీగ మీద నుంచి ఎత్తేయకూడదు. తీగే పట్టాలాగా దారి చూపిస్తుంది. బొటనవేలు, ముంజేయి కలిసి కదలాలి. చూపు వేలు ఉన్నచోట కాదు, వేలు చేరవలసిన మెట్టు మీద ఉండాలి. ఇదంతా ఎంత నెమ్మదిగా అంటే, తప్పు చేయడానికి వీలులేనంత నెమ్మదిగా. వేగం దానంతట అదే వస్తుంది.

ఇది వింటుంటే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. నేలలో నాగలి తిన్నగా పోతున్నంతసేపూ ఎవడైనా దున్నుతాడు. సాలు చివర ఎద్దులను మలుపుకొచ్చి, మేడి ఎత్తి, మళ్ళీ పక్క సాలులో దించేటప్పుడే రైతు పనితనం బయటపడుతుంది. అక్కడ తొందరపడితే ఎద్దు బెదురుతుంది, సాలు వంకర పోతుంది. చిన్నప్పుడు నేను చెడగొట్టిన సాళ్ళన్నీ మలుపు దగ్గర చెడినవే!

సెగోవియాలో లోపాలు లేవని అనను. తన మాటే నెగ్గాలనే గురువు ఆయన. తాను రాసిన వేళ్ళ గుర్తులు మారిస్తే సహించేవాడు కాదు. ఎలక్ట్రిక్ గిటారును ఈసడించాడు. అంతర్యుద్ధంలో ఫ్రాంకో పక్షం మొగ్గడం చాలామందిని నొప్పించింది. తనకు ముందున్న తారెగా సంప్రదాయానికి ఇవ్వవలసినంత పేరు ఇవ్వలేదనే విమర్శ కూడా ఉంది. ఆ స్కేళ్ళ వేళ్ళ వరుస ఒక్కటే దారి కాదని ఈనాటి గురువులు చాలామంది అంటారు. అయినా సియెనాలో, సాంతియాగోలో ఆయన పాఠాలు విన్న అలీరియో దియాజ్, జాన్ విలియమ్స్ వంటివారు ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. 1981లో స్పెయిన్ రాజు ఆయనకు మార్కిస్ బిరుదు ఇచ్చాడు. 1987 జూన్ 2న మాడ్రిడ్‌లో 94 ఏళ్ళ వయసులో గుండెపోటుతో పోయాడు. ఆ ఏడు కూడా కచేరీలు చేశాడు. అంత పెద్దాయన అప్పటికీ రోజూ సాధన మానలేదట.

నేను గిటారు విద్వాంసుణ్ణి కాలేదు, కాలేను కూడా. అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. పల్లెటూళ్ళో తెలుగు మీడియంలో చదివి, ఇక్కడ ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠాల్లో పడ్డాను. మొదటి ఏడు ఒక పేపరు పోయింది. ఆ సంగతి ఇంటికి రాయడానికి నెల రోజులు పట్టింది. పాత చోటును బిగించి పట్టుకుని కొత్త చోటుకు దూకాలని చూశాను. బొటనవేలు వెనకే ఉండిపోయింది! అప్పటినుంచి రోజూ తెల్లవారుజామున పుస్తకం మొదటి అధ్యాయం నుంచి, నెమ్మదిగా, ఒక్కొక్క లెక్కా తప్పు లేకుండా వచ్చేదాకా చేయడం మొదలెట్టాను. ఆ పేపరు రెండోసారికి గట్టెక్కింది.

గది మిత్రుడు ఇప్పుడు సాయంత్రం అదే స్వరాల వరుస వాయిస్తుంటే నేను పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటాను. పాట వాయించమని అడగడం మానేశాను. మూడో తీగ దగ్గర వాడి చేయి మలుపు తిరిగే క్షణం కోసం మాత్రం ఒక చెవి అటే ఉంచుతాను. ఈ మధ్య అది వినపడడం లేదు.

– ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి