కెన్నెడీ దాచిన జబ్బు

శ్రీహరికోటలో రాకెట్ లేస్తోందంటే సూళ్లూరుపేటలో పిల్లల్ని వెంటేసుకుని మేడలెక్కేస్తాం. మన దేశంలో ఈ ముచ్చట మొదలైంది మాత్రం కేరళలోని తుంబాలో, 1963 నవంబరు 21న. ఆ రోజు ఎగిరింది అమెరికా ఇచ్చిన నైక్ అపాచీ రాకెట్. మర్నాడే ఆ దేశాధ్యక్షుడు జాన్ కెన్నెడీని కాల్చి చంపారు. చంద్రుడి మీదికి మనిషిని పంపుతామని 1961లో ప్రకటించింది ఆయనే. ఫొటోల్లో ఎంత నిగనిగలాడుతూ ఉండేవారో! రోజూ మందు పడితేనే ఆ మనిషి నిలబడేవారంటే నమ్మబుద్ధి కాదు.

1917లో పుట్టిన కెన్నెడీ చిన్నప్పట్నుంచీ రోగిష్టే. 1947లో లండన్‌లో జబ్బుపడితే డాక్టర్లు అడిసన్స్ వ్యాధి అని తేల్చారు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు చెడిపోవడమే ఈ జబ్బు. మనకు పెద్ద జ్వరమొచ్చినా, ఆపరేషన్ జరిగినా ఆ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ని ఎక్కువగా వదులుతాయి. బీపీ పడిపోకుండా కాసేది అదే. ఆయన ఒంట్లో ఆ కాపలా లేదు. ఓడలో ఇంటికి వస్తుంటే ఇక దక్కరనుకుని చివరి ప్రార్థనలు కూడా చేయించారు. తర్వాత కొన్నేళ్లకు కార్టిజోన్ అందుబాటులోకి వచ్చి ఆయన్ని నిలబెట్టింది.

అసలు గండం 1954లో. నడుంనొప్పితో నడవలేని స్థితి. ఈ జబ్బున్నవాళ్లకు ఆపరేషన్ అంటే ప్రాణాలతో చెలగాటమే. అయినా సరేనన్నారు. అక్టోబరు 21న న్యూయార్క్‌లో, ఒళ్లు తయారుచేసుకోలేని హార్మోన్‌ని మందుగా ఎక్కిస్తూ ఆపరేషన్ చేశారు. మూడోరోజుకు ఇన్‌ఫెక్షన్, ఆపైన కోమా, మళ్లీ చివరి ప్రార్థనలు! అప్పటికి జాక్వెలిన్‌కి పెళ్లయి ఏడాది దాటిందంతే. ఆ పిల్ల మంచం పక్కన ఎలా కూర్చుందో పాపం. మొత్తానికి బయటపడ్డారు. ఆ కేసుని డాక్టర్లు 1955లో వైద్య పత్రికలో రాశారు, పేరు లేకుండా, 37 ఏళ్ల పురుషుడు అని మాత్రమే.

ఐసీయూ డాక్టర్లకు ఇంకో చిక్కూ ఉంది. ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ పాకిన కొందరిలో కార్టిసాల్ ఉన్నా కణాలు దాని మాట వినవు. స్టెరాయిడ్ ఇచ్చినా అందరికీ ఒకేలా పట్టదు. కెన్నెడీకి ఆ ఇబ్బంది లేదు, ఇచ్చిన మందు పనిచేసింది. మన ఇళ్లలో ఉబ్బసానికో, కీళ్లనొప్పులకో చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడి, తగ్గిందని టక్కున మానేసేవాళ్లున్నారే, వాళ్లకీ ఇలాంటి ప్రమాదమే. అన్నాళ్లూ పనిలేక నిద్రపోయిన గ్రంథులు ఒక్కసారిగా లేవలేవు. అందుకే డాక్టర్లు మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తారు.

1960 ఎన్నికల్లో ప్రత్యర్థులు జబ్బు సంగతి ఎత్తితే ఆయన మనుషులు లేనేలేదన్నారు. ఓట్లడిగేవాళ్లు ఇంకేం చెబుతారు లెండి! పోస్టుమార్టం చేసిన డాక్టర్లు అడ్రినల్ గ్రంథుల గురించి నోరు విప్పింది 1992లో. ఆయన చెల్లెలు యూనిస్‌కీ ఇదే జబ్బు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం 1968లో స్పెషల్ ఒలింపిక్స్ మొదలుపెట్టింది ఈవిడే. మందులు వాడుకుంటూ 88 ఏళ్లు బతికి, 2009లో పోయారు.