హృదయమునకు దారి చూపిన వెర్నర్ ఫోర్స్‌మన్

మణికట్టు నుండి గాని, తొడ నుండి గాని సన్నని గొట్టమును రక్తనాళములలో గుండె వరకు నడిపి చికిత్స చేయుట నేడు మన తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో నిత్యకృత్యము. ఆ త్రోవలో నడచి పేరుగాంచిన వైద్యుని జీవితమును పాఠకుల ముందు ఉంచదలచినాము.

వెర్నర్ ఫోర్స్‌మన్ 1904 ఆగస్టు 29న బెర్లిన్ నగరములో జన్మించినారు. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధములో మరణించినారు. వైద్యవిద్య ముగించి, 1929 నాటికి ఎబర్స్‌వాల్డ్ అను చిన్న పట్టణపు ఆసుపత్రిలో పని చేయుచుండిరి. సజీవ హృదయమును తాకుట ప్రాణాంతకమని నమ్మిన కాలమది. గొట్టము ద్వారా మందును నేరుగా గుండెకు అందించవచ్చునని ఆయన తలచినారు. పై అధికారి అనుమతించలేదు. పరికరములన్నియు గెర్డా డిట్జెన్ అను నర్సు అధీనములో ఉండెను. ప్రయోగము తన శరీరముపైనే చేయుటకు ఆమె ఒప్పుకొన్నది. ఆయన సరేనని ఆమెను బల్లకు కట్టివేసి, తన ఎడమ మోచేతి సిరనే కోసికొని, మూత్రనాళములకు వాడు గొట్టమును అందులోనికి పంపినారు. సాహసము మెచ్చదగినదే, నమ్మిన నర్సును వంచించుటను మాత్రము మేము మెచ్చలేము. పిదప కట్లు విప్పి, ఆమెతో కలసి మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడచినారు. ఎదుట పట్టిన అద్దములో తెరను చూచుకొనుచు గొట్టమును 65 సెంటీమీటర్ల వరకు త్రోసి, గుండె కుడి కర్ణికకు చేర్చి, ఫోటో తీయించినారు.

ఆ ఫోటో సాక్ష్యముగా ఉన్నను బెర్లిన్‌లోని పెద్దలు ఆదరించలేదు. ఉద్యోగము పోయినది. మూత్రవ్యాధుల చికిత్సకు మరలినారు. 1932లో నాజీ పార్టీలో చేరినారు. ఆ మచ్చను దాచుట చరిత్రకు ద్రోహము. యుద్ధానంతరము ఖైదు నుండి విడుదలై చిన్న ఊళ్లలో వైద్యము చేసికొనుచుండగా, న్యూయార్కులో కూర్నాండ్, రిచర్డ్స్ ఆ పద్ధతిని పెంపొందించినారు. 1956లో ముగ్గురికిని నోబెల్ బహుమతి లభించినది. 1979 జూన్ 1న ఫోర్స్‌మన్ కన్నుమూసినారు.

ఆయన నమ్ముకొన్న ఎక్స్‌రే గొట్టమును చూపును గాని, గుండె కండరమును స్పష్టముగా చూపదు. పుట్టుకతో గుండెజబ్బు గల పసివారికి పలుమార్లు ఈ పరీక్ష చేయవలసివచ్చినచో కిరణముల భారము పెరుగును. 2021లో తిరుపతిలో ప్రారంభమైన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయమునకు బిడ్డను ఎత్తుకొని వచ్చు తల్లికి ఇది దూరపు మాట కాదు. అయస్కాంత శక్తితో పనిచేయు ఎం.ఆర్.ఐ.లో ఆ కిరణములు లేవు. కండరము, రక్తప్రవాహము రెండును కనబడును. ఫోర్స్‌మన్ జీవించియుండగానే, 1973లో, లాటర్‌బర్ ఆ విధమైన తొలి చిత్రమును ప్రకటించినారు. 2003లో లండన్ వైద్యులు ఎం.ఆర్.ఐ. సాయముతో పిల్లలకు, పెద్దలకు గుండెలోనికి గొట్టము నడిపిన వృత్తాంతమును వెలువరించినారు. చిక్కెల్ల తీగ వద్దనే ఉన్నది. గొట్టమునకు దారి చూపు లోహపు తీగ ఆ యంత్రములో వేడెక్కి లోపలి కండరమును కాల్చవచ్చును. అందుకే లోహము లేని తీగలను తయారు చేయవలసివచ్చినది.