విక్రమ్ సారాభాయి

విక్రమ్ సారాభాయి 1919వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన అహమ్మదాబాదు నగరమున జన్మించెను. తండ్రి అంబాలాల్ పేరుగాంచిన మిల్లు యజమాని, తల్లి సరళాదేవి. కలవారి యింట పుట్టినను ఆయన మనస్సు శాస్త్రవిద్యయందే లగ్నమయ్యెను. కేంబ్రిడ్జిలో చదువుచుండగా రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. ఆయన స్వదేశమునకు మరలివచ్చి, బెంగుళూరులో సి.వి. రామన్ వద్ద విశ్వకిరణములను గూర్చి పరిశోధించెను. 1947లో అహమ్మదాబాదున భౌతిక పరిశోధనాలయమును స్థాపించెను.

1963 నవంబరు 21న, కేరళములోని తుంబా యను జాలరిపల్లె నుండి ఆయన పర్యవేక్షణమున మొదటి రాకెట్టు ఎగసెను. అది అమెరికా వారి రాకెట్టు. పల్లెలోని చర్చి భవనమే నాటి కార్యాలయము.

కూడుగుడ్డలు చాలని దేశమునకు రాకెట్టులేల యని పలువురు ఆక్షేపించిరి. పేదదేశమునకే వాని యవసరము హెచ్చని సారాభాయి నమ్మెను. అయిదు లక్షలకు పైబడిన పల్లెలకు మంచి ఉపాధ్యాయులను, వైద్యులను, వ్యవసాయ నిపుణులను పంపుట ఎన్ని యేండ్లకు ముగియును? ఆకాశమున ఒక్క ఉపగ్రహమున్నచో, అన్ని పల్లెలకు ఒక్కమారే పాఠము చెప్పవచ్చును.

అట్టి ఉపగ్రహము భూమధ్యరేఖకు మీదుగా సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నుండును. భూమి తన చుట్టు తాను తిరుగు కాలములోనే అదియు భూమిని ఒకమారు చుట్టివచ్చును. కావున, కార్తికమున ధ్వజస్తంభముపై నుండు ఆకాశదీపమువలె, అది ఒక్కచోటనే నిలిచినట్లు తోచును. పల్నాటి వీరుల గుడి గల కారంపూడిలో ఒక బడి కప్పుపై పళ్లెము వంటి సాధనమును దానివైపు ఒకమారు అమర్చినచో, మరల త్రిప్ప నక్కరలేదు.

1969లో సారాభాయి చొరవతో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఏర్పడెను. ఆ యేడే, ఒక ఉపగ్రహమును ఎరువిచ్చుటకు అమెరికా ఒప్పుకొనెను. రాకెట్టులను ప్రయోగించుటకు ఆంధ్రదేశమున, పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమ నున్న శ్రీహరికోట ఎన్నికయ్యెను. తూర్పున జనావాసము లేని కడలి యుండుటయు, భూభ్రమణ వేగము రాకెట్టునకు తోడగుటయు అచటి సౌకర్యములు. 1971 అక్టోబరు 9న అచటినుండి మొదటి చిన్నరాకెట్టు ఎగసెను. ఆ డిసెంబరు 30న కోవళములో సారాభాయి నిద్రలోనే కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు 52 సంవత్సరములు. పల్లెకు పాఠము చెప్పు ఉపగ్రహమును ఆయన చూడనేలేదు.

అయినను పని ఆగలేదు. 1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరము ఆ యెరువు ఉపగ్రహము ఆరు రాష్ట్రములలోని 2,400 పల్లెలకు పాఠములను అందించెను. ఆంధ్రప్రదేశ్ పల్లెలు తెలుగులోనే వానిని వినెను. 1981 జూన్ 19న మనవారు నిర్మించిన 'ఆపిల్' ఉపగ్రహము దక్షిణ అమెరికాలోని కూరూ నుండి ఐరోపావారి రాకెట్టుపై ఎగసెను. 2004 సెప్టెంబరు 20న కేవలము విద్యకొరకే చేసిన 'ఎడ్యుశాట్' అను 1,950 కిలోల ఉపగ్రహము, భారతీయ రాకెట్టుపై, శ్రీహరికోట నుండియే నింగి కెగసెను. అది ఆరేండ్లు బడులకు పాఠములు చేరవేసెను.

చెట్టు నాటినవాడు ఫలము తినకపోవచ్చును. నీడ యెవరికి కావలెనో ముందెరిగి నాటుటయే సారాభాయి ఘనత.