రాజధాని లేఖ: చలువరాళ్లు కోల్పోయిన గుమ్మటం

ఢిల్లీకి వచ్చే తెలుగు యాత్రికులు హుమాయూన్ సమాధిని తప్పక చూస్తారు. ఓపిక ఉన్నవారు నిజాముద్దీన్ దర్గాకు కూడా వెళ్లివస్తారు. అక్కడికి చేరువనే, మథురా రోడ్డు పక్కన, మరొక పెద్ద గుమ్మటం ఉన్నది. దాని ముందు వాహనం ఆపేవారు తక్కువ. అది అబ్దుర్ రహీం ఖాన్-ఎ-ఖానాన్ సమాధి. మన పిల్లలకు వేమన ఎట్లాగో, ఉత్తరాది పిల్లలకు రహీం అట్లాగు. అతని దోహాలు బడిలోనే కంఠస్థమవుతాయి. ఆ కవి మొగలాయీ సర్వసేనాని కూడాననీ, ఇంత సమీపంలో నిద్రిస్తున్నాడనీ వారిలో ఎందరికి తెలుసునో సందేహమే.

రహీం 1556 డిసెంబరులో లాహోరులో జన్మించాడు. తండ్రి బైరాం ఖాన్, బాలుడైన అక్బరు పక్షాన రాజ్యభారం వహించిన మహాసేనాని. తల్లి మేవాత్ ప్రభువంశపు ఆడపడుచు. పిల్లవానికి ఇంకా నాలుగేళ్లు నిండకముందే తండ్రి అధికారం అస్తమించింది. 1560లో తిరుగుబాటుకు దిగిన బైరాం ఖానును పంజాబులో ఓడించినవాడు శంసుద్దీన్ అత్గా ఖాన్. చక్రవర్తి క్షమాభిక్ష పొంది మక్కాకు పయనమైన బైరాం ఖానును, 1561 జనవరిలో గుజరాతులోని పాటన్ వద్ద పాత పగతో రగులుతున్న ఆఫ్ఘనులు హత్య చేశారు. దిక్కులేనివాడైన బాలుని అక్బరు తన కొలువుకు పిలిపించుకొని పెంచాడు. యుక్తవయస్సు రాగానే అత్గా ఖాన్ కుమార్తె మాహ్ బానూతో వివాహం జరిపించాడు. తన తండ్రిని ఓడించినవాని ఇంటికే రహీం అల్లుడైనాడు. వైరాలను వియ్యాలతో చల్లార్చడం అక్బరు రాజనీతిలో ఒక భాగం.

ఆ తరువాతి కథ విజయపరంపర. 1584లో గుజరాతులోని సర్ఖేజ్ వద్ద, తనకంటె ఎక్కువ బలగం గల సుల్తాన్ ముజఫ్ఫర్ షాను ఓడించి, ఒకప్పుడు తండ్రి ధరించిన ఖాన్-ఎ-ఖానాన్ బిరుదును గెలుచుకొన్నాడు. సింధులో నదిపై పడవలతో పోరాడి థట్టా ప్రభువును లొంగదీశాడు. 1597లో గోదావరి తీరాన సోన్‌పేట సమీపంలో జరిగిన ఘోరయుద్ధంలో బిజాపూరు సేనాని సుహేల్ ఖాన్‌ను జయించాడు. ఆ యుద్ధంలో ఎదుటిపక్షాన మన గోల్కొండ సైన్యం కూడా ఉన్నది. అప్పుడు గోల్కొండను ఏలుతున్నవాడు హైదరాబాదు నిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్ షా. దక్కను వారికి రహీం కవిగా కాక శత్రుసేనానిగానే పరిచయమైనాడన్నమాట.

కత్తి పట్టిన చేతితోనే అతడు బాబరు స్వీయచరిత్రను తుర్కీ నుంచి పారసీలోకి అనువదించి 1589లో అక్బరుకు సమర్పించాడు. వ్రజభాషలో దోహాలు చెప్పాడు. సంస్కృతం నేర్చి జ్యోతిషంపై గ్రంథం కూర్చాడు. కవిపండితులకు అతని కొలువు పుట్టినిల్లు. దానమిచ్చేటప్పుడు సిగ్గుతో కన్నులు దించుకొనేవాడన్న ఐతిహ్యం ఒకటున్నది. అది నిజమో కాదో కాని, జనం అతనిని ఎట్లా తలచుకోదలచారో చెబుతున్నది.

1598లో మాహ్ బానూ మరణించింది. ఆమె కోసమే రహీం ఈ సమాధిని కట్టించాడు. తాజ్‌మహల్ పునాదులు 1632లో పడ్డాయి. అంతకు మూడు దశాబ్దాలకు పైగా ముందే, ఒక మొగలాయీ ప్రభువు భార్య కోసం ఇంతటి కట్టడాన్ని లేపాడు. తాజ్ కీర్తికి పొంగిపోయేవారు ఈ సంగతి ఒక్కమారు గుర్తు చేసుకోవలసినది.

అక్బరు పోయిన తరువాత దశ తిరిగింది. తాను విద్యగరపిన సలీమే జహంగీరుగా సింహాసనమెక్కినా, దక్కనులో మాలిక్ అంబర్ ఎత్తుల ముందు రహీం సేనలు నిలువలేకపోయాయి. లంచాలు తిన్నాడన్న అపవాదు కూడా వచ్చింది. అయినా ఆ రోజులలోనే బుర్హాన్‌పూరుకు సాత్పురా కొండల చెంతనుంచి భూగర్భ కాలువల ద్వారా మంచినీరు తెప్పించాడు. నూటికి పైగా బావులను లోపలి సొరంగంతో కలిపిన ఆ ఏర్పాటు అతని యుద్ధాలన్నిటికంటె జనానికి ఎక్కువ మేలు చేసినదని నా అభిప్రాయం.

1622లో యువరాజు షాజహాన్ తిరుగబడినప్పుడు ముసలి సేనాని అతని పక్షం వహించాడు. అతని మనుమరాలు షాజహానుకు భార్య. కాని ఆ పక్షానా నిలకడగా నిలువలేదు. ఇరువైపులా నమ్మకం పోగొట్టుకొన్నాడు. ఫలితం దారుణం. మహాబత్ ఖాన్ అతని కుమారుడు దారాబ్ ఖాన్ తల నరికించి, కానుకవలె తండ్రికి పంపాడు. కొంతకాలానికి జహంగీరు దయదలచి బిరుదును తిరిగి ఇచ్చాడు. మహాబత్ ఖాన్‌పై దండెత్తుతానని అనుమతి కోరుకొన్న రహీం, అంతలోనే జబ్బుపడి, 1627లో ఢిల్లీలో కన్నుమూశాడు. అప్పటికి అతనికి డెబ్బది ఏళ్లు. భార్య కోసం కట్టించిన గుమ్మటం కిందనే అతనిని ఖననం చేశారు.

కథ అక్కడితో ముగియలేదు. 1753-54లో నవాబు సఫ్దర్‌జంగ్ సమాధి కట్టేందుకు చలువరాళ్లు కావలసివచ్చాయి. రహీం గుమ్మటం మీది పాలరాతినీ, గోడల ఎర్రరాతినీ ఊడదీసి తీసుకుపోయారు. రాళ్లు పోయిన కట్టడం వానకు తడిసి, ఎండకు ఎండి, రెండున్నర శతాబ్దాలపాటు పగుళ్లు విచ్చుతూ నిలిచింది. 2014 నుంచి ఆగా ఖాన్ సాంస్కృతిక ట్రస్టు, పురావస్తు శాఖ సహకారంతో మరమ్మతులు సాగించింది. 2020 డిసెంబరులో సమాధిని సందర్శకులకు తెరిచారు. లోపలి సున్నపు నగిషీలు మళ్లీ వెలుగు చూశాయి. గుమ్మటమంతటికీ మాత్రం తిరిగి పాలరాయి తొడగలేదు. ఆ పని అట్లా వదిలివేయడమే ఉచితమని నాకు తోచింది.

లోదీ రోడ్డు తూర్పు కొసకు సమీపాన ఈ సమాధి, పడమటి కొసన సఫ్దర్‌జంగ్ సమాధి. నడవగలిగినవారు పూటలో రెండూ చూడవచ్చును. ముందు రహీం వద్దకు వెళ్లి, తరువాత ఆ రాళ్లను చూడబోవడం మేలు.