కేరీ గారి తోట

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్లే దారిలో తూర్పు వైపున నల్లమల కొండలు మనతోపాటే వస్తుంటాయి. ఆ అడవిలో వేసవికి ముందు ఆకులు ఎర్రబారి రాలిపోయే చెట్టు ఒకటుంది. కొత్త చిగురు వేళకు తెల్లని పెద్ద పూలు పూస్తుంది. వాటి మధ్య కేసరాలు కుచ్చులా నిలబడతాయి. కాయ గుండ్రంగా, పచ్చగా ఉంటుంది. శాస్త్రజ్ఞులు దాన్ని కేరియా ఆర్బోరియా అంటారు. ఆ పేరులోని కేరీ ఎవరో మన సంఘాలకు తెలుసు. భారతదేశంలో బైబిలు అనువాదాలకు జీవితం ధారపోసిన విలియం కేరీయే ఆయన. ఒక మిషనరీ పేరు అడవి చెట్టుకు ఎందుకు పెట్టారో మాత్రం మనలో చాలామంది ఆలోచించి ఉండం.

కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని పాలర్స్‌ప్యూరీ అనే పల్లెలో పుట్టారు. తండ్రి నేతపని చేసి తర్వాత బడిపంతులయ్యారు. తోటపని తెలిసిన చిన్నాన్న పీటర్ దగ్గర ఆ పిల్లవాడికి మొక్కల పిచ్చి పట్టింది. అయితే ఎండ తగిలితే చర్మం మండిపోయే జబ్బు ఉండటంతో పొలం పనులకు పనికిరాక చెప్పులు కుట్టే పనికి కుదిరారు. ఎండకు తాళలేని ఆ మనిషినే దేవుడు 1793 నవంబరులో బెంగాలుకు తెచ్చి నిలబెట్టాడు.

మొదటి ఏళ్లు కన్నీటి ఏళ్లు. 1794లో ఐదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. సమాధి తవ్వడానికి కూడా మనుషులు ముందుకు రాలేదు. భార్య డొరొతీ మతిస్థిమితం కోల్పోయారు. 1807లో ఆమె మరణించేదాకా ఆ బాధ ఇంట్లోనే ఉంది. 1800 జనవరిలో శ్రీరాంపూర్ చేరాక కేరీ చేపట్టిన పనుల్లో తోట ఒకటి. దాదాపు ఐదెకరాల నేలలో లిన్నేయస్ పద్ధతి ప్రకారం మొక్కలను కుటుంబాలుగా వేరుచేసి నాటించారు. ఉదయాన్నే ప్రార్థనకు ఆ తోటలోకే వెళ్లేవారు.

స్నేహితులకు రాసే ఉత్తరాల్లో విత్తనాలు అడగడం మానలేదు. తులిప్, లిల్లీ దుంపలు పంపమనేవారు. పండ్ల గింజలను పొడి ఇసుక పెట్టెలో వేసి ఓడెక్కిస్తే చెడవని చెప్పేవారు. ఒకసారి ఇంగ్లండు నుంచి వచ్చిన విత్తనాల సంచిని నీడపట్టున దులిపించారు. కొన్నాళ్లకు అక్కడి మట్టిలో ఒక చిన్న డైసీ మొక్క మొలిచింది. చిన్నప్పటి పొలాల్లో పూసే ఆ పువ్వును చూసి ముప్పై ఏళ్లు దాటింది. ఆయన ఆనందానికి మేర లేదు. బెంగాలు వానలకు అది బతకదు కనుక, గింజలు తీసి ఏటేటా మళ్లీ విత్తుతూ దాన్ని కాపాడారు.

మన ఆంధ్ర నేలకూ ఈ కథలో చోటుంది. సామర్లకోటలో ఉండి ఈ తీరపు మొక్కలను, వాటి తెలుగు పేర్లను రాసిపెట్టిన విలియం రాక్స్‌బర్గ్ 1793లోనే కలకత్తా తోటకు అధిపతిగా వెళ్లారు. కేరీకి ఆయన మంచి మిత్రులయ్యారు. కేరియా అన్న పేరు పెట్టింది ఆయనే. రాక్స్‌బర్గ్ జబ్బుచేసి స్వదేశం వెళ్లిపోయాక ఆయన గ్రంథాలను అచ్చువేయించే బాధ్యత కేరీ తలకెత్తుకున్నారు. ఫ్లోరా ఇండికా 1832లో మూడు సంపుటాలుగా వెలువడింది. సృష్టి అంతా దేవుణ్ణి స్తుతిస్తుందనే 145వ కీర్తన భావాన్ని ఆ గ్రంథానికి ముఖవాక్యంగా ఉంచారు. అదే చేతులతో 1814లో తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన శ్రీరాంపూర్ అచ్చుకూటం నుంచి వచ్చాయి. రైతుల మేలు కోసం 1820లో కలకత్తాలో వ్యవసాయ, ఉద్యాన సంఘాన్ని కూడా స్థాపించారు.

ఆత్మల రక్షణకు వచ్చినవాడికి మొక్కలతో ఏం పని అని మనలో కొందరు అడగవచ్చు. కేరీకి అవి రెండు పనులు కావు. పాపం లోకంలోకి రాకముందే దేవుడు మనిషికి అప్పగించిన పని ఏదెను తోటను సేద్యపరచి కాయడం. తోటపని శిక్ష కాదు, మొదటి పరిచర్య.

ఆ పరిచర్యకూ శ్రమలు తప్పలేదు. 1812 మార్చి 11న అచ్చుకూటం కాలిపోయి ఎన్నో రాతప్రతులు బూడిదయ్యాయి. 1823 అక్టోబరులో కాలు దెబ్బతిని ఆయన మంచం మీద ఉండగా దామోదర్ వరద తోటను ముంచేసింది. అప్పటికి ఆయన వయసు అరవై రెండు. అరుదైన మొక్కలెన్నో పోయాయి. కోలుకున్నాక మళ్లీ నాటారు.

చివరి రోజుల్లో నడవలేని స్థితిలో కూడా తోటలోకి తీసుకెళ్లమనేవారు. అదీ కుదరనప్పుడు తోటమాలిని గదిలోకి పిలిపించుకుని మొక్కల బాగోగులు అడిగేవారు. తాను పోయాక మార్ష్‌మన్ గారి ఆవులు తోటలో పడతాయేమోనని ఆయనకు దిగులు. 1834 జూన్ 9న కన్నుమూశారు. తోట నిలవలేదు. అది అడవిలా పెరిగిపోయి, ఆ తర్వాత ఆ చోట జనపనార మిల్లు వెలిసింది.

అయితే ఆ శ్రమ వ్యర్థమేనా? కాదు. నిలుస్తుందన్న హామీ ఉంటేనే నాటుతామంటే ఎవరం ఏదీ నాటలేం. మనకు అప్పగించినంత కాలం నమ్మకంగా కాయడమే మన వంతు.

నేడు నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా చర్చి ఆవరణ బాగు చేయడమంటే బేతంచెర్ల బండలు పరచడమే అవుతోంది. పండుగ పందిరికి అడ్డమని చెట్టు కొట్టేస్తున్నాం. సండే స్కూలు పిల్లలకు కేరీ కథ చెప్పి, కాలు మోపడానికి మట్టి లేకుండా చేస్తున్నాం. ఈ వానాకాలం ప్రతి సంఘం నాలుగు బండలు ఎత్తి, ఆ చోట ఒక మొక్క నాటి, నీళ్లు పోసే బాధ్యత ఒక కుటుంబానికి అప్పగిస్తే ఎలా ఉంటుంది? దాని నీడలో మనం కూర్చోలేకపోవచ్చు. మన తర్వాత వచ్చే సంఘం కూర్చుంటుంది.